బిడ్డ తల పట్టలేదన్నారు... రెండో కాన్పయినా నార్మల్‌గా అవుతుందా?

ప్రశ్న: నా వయసు 28. ఎత్తు 149 సెంటీమీటర్లు. మూడేళ్ల క్రితం మా పాప సిజేరియన్‌తో పుట్టింది. 40 వారాలు దాటాక ఉమ్మనీరు తగ్గిందని మందులు పెట్టి నొప్పులు తెప్పించారు. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను. గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుని అక్కడే ఆగిపోయింది. "బిడ్డ తల పెద్దది, నీ దారి చిన్నది, పట్టదు" అని చెప్పి ఆపరేషన్ చేశారు. డిశ్చార్జ్ కాగితంలో సీపీడీ అని రాశారు. పాప బరువు 3.1 కిలోలు. ఇప్పుడు మళ్లీ ఆరో నెల. కొత్త డాక్టర్ ఆ కాగితం చూసి "సీపీడీ అంటే ఇక ఆలోచించేదేముంది, మళ్లీ ఆపరేషనే" అన్నారు. నా ఎముకలే ఇరుకైతే ఎన్ని కాన్పులైనా అంతేనా? ముందే కొలిచి చెప్పే పరీక్ష ఏదైనా ఉందా? నా ఒంట్లోనే లోపం ఉందన్న బాధ మనసులోంచి పోవడం లేదు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ "4 సెంటీమీటర్లు" అన్న చోట ఆగిపోయాను. మీ ఎత్తు, పాప బరువు కన్నా నాకు ఆ ఒక్క అంకే ముఖ్యంగా కనిపించింది. బిడ్డ తల దారిలో పడుతుందా లేదా అన్నది 4 సెంటీమీటర్ల దగ్గర ఎవరూ తేల్చలేరు. అప్పటికి గర్భాశయ ముఖద్వారం ఇంకా మెత్తబడి తెరుచుకునే పనిలోనే ఉంటుంది. తలకీ ఎముకలకీ మధ్య అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. కాబట్టి ఆ మూడక్షరాల మాటను చివరి తీర్పు అనుకోకండి. అది నిజమే అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు. తేల్చే ఆధారం డిశ్చార్జ్ కాగితంలో దొరకదు. ఆ రోజు లేబర్ రూమ్‌లో గంటగంటకూ రాసిన రికార్డులో దొరుకుతుంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

సీపీడీ అంటే బిడ్డ తలకీ, తల్లి కటి ఎముకల మధ్య ఉన్న దారికీ కొలత కుదరకపోవడం. వింటే బీరువా, తలుపు లెక్కలాగా ఉంటుంది. తలుపు ఇంత, బీరువా ఇంత, పట్టదు, అంతే. కాన్పులో మాత్రం తలుపు కాస్త కదులుతుంది, బీరువా తన ఆకారం తానే మార్చుకుంటుంది. ఈ సంగతి అర్థమైతే మీ సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే.

ముందు తల సంగతి. పుట్టబోయే బిడ్డ పుర్రె ఒకే గట్టి ఎముక కాదు. పలకలు పలకలుగా ఉండి, వాటి మధ్య మెత్తటి అతుకులు, మాడు ఉంటాయి. నొప్పుల ఒత్తిడికి ఆ పలకలు ఒకదానికొకటి దగ్గరై, ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా ఎక్కుతాయి. నార్మల్‌గా పుట్టిన బిడ్డ తల మొదటిరోజు పొడుగ్గా సాగినట్టు కనిపించి, కొద్ది రోజుల్లో గుండ్రంగా సర్దుకునేది అందుకే.

పలకలు సర్దుకోవడం కన్నా పెద్ద తేడా మెడ దగ్గర వస్తుంది. బిడ్డ గడ్డాన్ని ఛాతీకి ఆనించుకుని తల బాగా వంచితే, దారిలోకి వచ్చే తల కొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. మెడ నిటారుగా పెడితే అదే తల 11.5 అవుతుంది. తల వెనక్కి వాల్చి నుదురు ముందుకు పెడితే 13 దాటుతుంది. ఒకే బిడ్డ, ఒకే తల. మెడ వంచిన తీరును బట్టే దాదాపు నాలుగు సెంటీమీటర్ల తేడా. ఇక తల్లి వైపు చూస్తే, ఎముకల దారి పై అంచు దగ్గర ముందు నుంచి వెనక్కి సుమారు 11, అడ్డంగా సుమారు 13 ఉంటుంది. కొంచెం కిందికి దిగితే, రెండు పక్కలా లోపలికి పొడుచుకొచ్చిన ఎముక మొనల మధ్య 10, 10న్నర మాత్రమే. పైన అడ్డంగా వెడల్పు, కింద నిలువుగా వెడల్పు. అందుకే బిడ్డ పక్కకు చూస్తూ లోపలికి దిగి, మధ్యలో మెల్లగా తిరిగి, తల్లి వెన్నువైపు ముఖం పెట్టుకుని బయటికి వస్తుంది. తల్లి కటి ఎముకల అతుకులు కూడా గర్భంతో ఉన్నప్పుడు కాస్త సడలుతాయి. తల్లి గొంతుక్కూర్చున్నప్పుడు కింది దారి ఇంకొంచెం పెరుగుతుంది.

బిడ్డ ఆ తిరగడం తిరగకపోతే? తల చిన్నదైనా ఇరుక్కుంటుంది. పట్టలేదని రాసిన చాలా కాన్పుల్లో అసలు జరిగేది ఇదే. ఎముకలు నిజంగా ఇరుకుగా ఉండటం తక్కువ.

నేను శిక్షణలో ఉన్న రోజుల నాటి మాట ఒకటి చెబుతాను. ఒక తల్లికి 7 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. తల పైనే ఉంది. లోపల పరీక్ష చేసి నేను చార్టులో సీపీడీ అని రాసేశాను. మా సీనియర్ మేడమ్ వచ్చి చార్టు చూసి, "పెద్ద మాడు నీ వేలికి ఎక్కడ తగిలింది?" అని అడిగారు. ముందువైపు అన్నాను. "అంటే బిడ్డ ఆకాశం చూస్తోంది. తల తిరగలేదంతే, పెద్దదని ఎవరు చెప్పారు?" అన్నారు. నొప్పులు కూడా పది నిమిషాలకు రెండే వస్తున్నాయి. నేను అది లెక్కపెట్టలేదు. బిడ్డ గుండె చప్పుడు బాగానే ఉంది కాబట్టి ఆవిడను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నొప్పులు బలపడటానికి మందు పెట్టాం. కొన్ని గంటల్లో బిడ్డ తిరిగింది. ఆ రాత్రే నార్మల్ కాన్పు అయింది. నేను రాసిన మాటను మేడమ్ పెన్నుతో కొట్టేసి, పక్కన "తల తిరగలేదు" అని రాశారు. ఆ కొట్టివేత నాకిప్పటికీ కళ్లముందు ఉంది. ఆవిడ రాకపోయి ఉంటే ఆ తల్లి కూడా మీలాగే ఆ మాటను తర్వాతి కాన్పుదాకా మోసేది.

ముందే కొలిచి చెప్పే పరీక్ష ఉందా అని అడిగారు. నమ్మదగినది లేదు. పొట్టిగా ఉన్నవాళ్లలో ఆపరేషన్ అవకాశం కొంత ఎక్కువన్నది నిజమే. కానీ పొట్టివాళ్లలో కూడా ఎక్కువమందికి నార్మల్ కాన్పే అవుతుంది. కాబట్టి 149 అన్న అంకె చూసి ఎవరూ నిర్ణయం చెప్పకూడదు. పాదం సైజు చూసి చెప్పడం కూడా పాత నమ్మకమే. వేళ్లతో లోపలి దారి కొలిచే పరీక్షను ఆరోగ్యంగా ఉన్న తల్లులకు నొప్పులతో చేరగానే మామూలుగా చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ఒకప్పుడు కటికి ఎక్స్‌రే తీసి కొలిచేవారు. అలా తీసినవాళ్లలో సిజేరియన్లు పెరిగాయి తప్ప బిడ్డలకు మేలు జరిగినట్టు తేలలేదు. స్కాన్‌లో చెప్పే బరువు కూడా అంచనాయే. పది, పదిహేను శాతం అటూ ఇటూ కావడం మామూలు. స్కాన్‌లో 3.5 కిలోలని వచ్చిన బిడ్డ 3 కిలోలూ ఉండొచ్చు, 4 కిలోలూ ఉండొచ్చు. నెలలు నిండినా తల దిగలేదంటే కంగారుపడతారు చాలామంది. నొప్పులు మొదలయ్యాకే తల దిగేవాళ్లు బోలెడంతమంది ఉంటారు. రెండో కాన్పులో అయితే అది మరీ మామూలు.

నిజంగా ఎముకల దారే ఇరుకయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. చిన్నప్పుడు విటమిన్ డి లోపంతో ఎముకలు వంగిపోవడం, ప్రమాదంలో కటి ఎముక విరిగి వంకరగా అతుక్కోవడం, పోలియో వల్లో, వెన్నెముక బాగా వంగిపోవడం వల్లో కటి ఒక పక్కకు ఒరిగిపోవడం. బిడ్డ వైపు చూస్తే తలలో నీరు చేరడం లాంటివి. ఇవేవైనా ఉంటే నొప్పుల దాకా ఆగకుండా ముందే ఆలోచించాలి. మీరు ఇలాంటివేవీ రాయలేదు. నడకలో తేడా గానీ, పాత దెబ్బ గానీ ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

అలాంటివేమీ లేనివాళ్లలో సీపీడీ అన్నది నొప్పుల్లోనే తేలాలి. దీనికి వాడే గ్రాఫు కాగితాన్ని పార్టోగ్రామ్ అంటారు. ఇప్పటి జింబాబ్వేలో, అప్పటి రొడీషియాలో, ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు డాక్టర్లు 1972లో దానికి కాన్పు ఆలస్యమవుతోందని చెప్పే హెచ్చరిక గీత, ఇక ఏదో ఒకటి చేయాలని చెప్పే చర్య గీత చేర్చారు. డాక్టర్ దగ్గర లేని చోట కాన్పులు చేసే మంత్రసానులకు ఎవరిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో తెలియాలన్నది వాళ్ల ఉద్దేశం. ముఖద్వారం ఎంత తెరుచుకుందో ఒక గుర్తుతో, తల ఎంత దిగిందో మరో గుర్తుతో అందులో రాస్తారు. కాన్పు సాగుతుంటే ముఖద్వారం గీత పైకి ఎక్కుతుంది, తల గీత కిందికి దిగుతుంది. బలమైన నొప్పులు ఉండి కూడా రెండు గీతలూ గంటల తరబడి కదలకపోతే అప్పుడు సీపీడీ అనుమానం రావాలి.

బలమైన నొప్పులు అన్న మాట దగ్గరే చాలా పొరపాట్లు జరుగుతాయి. పది నిమిషాల్లో కనీసం మూడు రావాలి, ఒక్కోటి 40 సెకన్లకు తగ్గకుండా ఉండాలి. అవి లేకుండా కాన్పు ఆగితే తోసే బలం చాలలేదని అర్థం. దారి చాలలేదని కాదు. ఇంకో మాట. గంటకు ఒక సెంటీమీటర్ తెరుచుకోవాలన్న పాత లెక్కను ఇప్పుడు అందరికీ వర్తింపజేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 సెంటీమీటర్ల నుంచి చురుకైన దశగా లెక్కపెడుతుంది. తొలి కాన్పులో ఆ దశ 12 గంటల దాకా, తర్వాతి కాన్పుల్లో 10 గంటల దాకా పట్టొచ్చంటుంది. అమెరికా వైద్య సంఘాలు 2014లో ఇంకో అడుగు ముందుకేసి, 6 సెంటీమీటర్లు దాటి, ఉమ్మనీరు పోయి, మంచి నొప్పులతో నాలుగు గంటలు కదలకపోతేనే ఆగిందని అనాలన్నాయి. నొప్పులు బలంగా లేకపోతే మందుతో కనీసం ఆరు గంటలు చూడాలన్నాయి. మందులతో నొప్పులు తెప్పించినవాళ్లకు చురుకైన దశకు ముందు దశే 24 గంటలు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. ఉమ్మనీరు సంచి తెరిచాక నొప్పుల మందు 12 నుంచి 18 గంటలు నడిచినా చురుకైన దశ రాకపోతే, అప్పుడు ఇండక్షన్, అంటే మందులతో నొప్పులు తెప్పించే ప్రయత్నం, ఫలించలేదని రాస్తారు. అది సీపీడీ కాదు. మీ కథ నాకు ఇందులోకే వచ్చేలా కనిపిస్తోంది. ఈ సమయాలన్నీ తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నంతవరకే సుమా. బిడ్డ గుండె చప్పుడు తేడా వస్తే ఈ గంటల లెక్కలన్నీ పక్కన పెట్టాల్సిందే.

అసలైన సీపీడీ ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని తేలిగ్గా తీసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. నొప్పులు ఉధృతంగా వస్తుంటాయి. పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే తల ఇంకా పైనే తగులుతుంది. లోపల పరీక్షలో మాత్రం కిందికి వచ్చినట్టే అనిపిస్తుంది. ఎందుకంటే ఇరుక్కున్న తల మీద చర్మం ఉబ్బి, ఆ ఉబ్బు వేలికి ముందుగా తగులుతుంది, ఎముక పైనే ఉండిపోతుంది. అందుకే తల దిగడాన్ని పొట్ట మీద నుంచి కూడా చూడాలంటారు. పుర్రె పలకల అతుకు మీద వేలు పెడితే మామూలుగా సందు తెలుస్తుంది. తర్వాత సందు పోయి పలకలు తాకుతాయి. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, వేలితో నొక్కితే విడిపోతాయి. నొక్కినా విడిపోనంతగా ఎక్కేశాయంటే, అదీ తల పైన ఉండగానే, అది గట్టి ప్రమాద సూచన. ముఖద్వారం తలకు హత్తుకోకుండా వదులైన చొక్కా చెయ్యిలా వేలాడుతుంది, లేదా వాచిపోతుంది. మూత్రంలో రక్తం కనిపించొచ్చు. ఇక్కడిదాకా వచ్చాక ఎదురుచూడటం ప్రాణం మీదికి వస్తుంది. గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డ దక్కకపోవచ్చు. తల గంటలకొద్దీ మూత్రాశయాన్ని నొక్కి ఉంచితే అక్కడి కండ చచ్చుబడి రంధ్రం పడి, ఆ తల్లికి మూత్రం ఆగకుండా కారిపోయే పరిస్థితి వస్తుంది. వేళకు చేసిన సిజేరియన్ ఎందరినో కాపాడింది. కాబట్టి నేను ఆపరేషన్‌కు వ్యతిరేకం అనుకోకండి. ఏ కారణంతో చేశారో ఆ కారణమే కాగితంలో ఉండాలన్నదే నా పట్టుదల. మీకు ఆ రోజు ఆపరేషన్ చేయడం సరైన నిర్ణయమే అయి ఉండొచ్చు. దానికి పెట్టిన పేరు మాత్రం సరిపోలడం లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. కాన్పు అయిన ఆసుపత్రికి వెళ్లి పూర్తి కేస్‌షీట్ నకలు అడగండి. డిశ్చార్జ్ కాగితం చాలదు. పార్టోగ్రామ్, ఆపరేషన్ నోట్స్ కావాలి. అందులో మొదట చూడాల్సింది ఆఖరి పరీక్షలో ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు ఉందో, తల ఏ మట్టంలో ఉందో. బిడ్డ ముఖం ఎటు ఉందని రాశారు? తల మీద ఉబ్బు, పలకలు ఎక్కడం గురించి ఏమైనా ఉందా? ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, నొప్పుల మందు ఎన్ని గంటలు నడిచింది, పది నిమిషాలకు ఎన్ని నొప్పులు వచ్చాయి? బిడ్డ గుండె చప్పుడు తగ్గినట్టు ఎక్కడైనా ఉందా? ఆపరేషన్ నోట్స్‌లో గర్భసంచి మీద కోత అడ్డంగా, కింది భాగంలో పెట్టారా, నిలువుగా పెట్టారా అన్నది కచ్చితంగా చూడండి. పొట్ట మీద కనిపించే మచ్చను బట్టి లోపలి కోత తెలియదు. నిలువు కోత అయితే నార్మల్ ప్రయత్నం వద్దనే చెబుతారు. ఆ మాట వినండి.

కోత అడ్డంగా, కిందనే ఉందనుకుందాం. సిజేరియన్ తర్వాత నార్మల్‌కు ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి అది సాధ్యమవుతోంది. తొలి కాన్పు సాగక ఆపరేషన్ అయినవాళ్లలో ఈ సంఖ్య కొంత తగ్గుతుంది, అయినా సగానికి పైనే ఉంటుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం దాదాపు రెండు వందల మందిలో ఒకరికి. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, విడిపోతే నిమిషాల్లో ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. కాబట్టి రాత్రీ పగలూ ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం అందుబాటులో ఉన్న చోటే ఈ ప్రయత్నం. ఇంటి దగ్గర గానీ, ఆ వసతి లేని చిన్న చోట గానీ వద్దే వద్దు. మీకు మూడేళ్ల ఎడం ఉండటం మంచిదే. నొప్పులు వాటంతట అవే మొదలైతే ఇంకా మంచిది. ఈసారి మందులతో నొప్పులు తెప్పించాల్సి వస్తే కొన్ని మందులు పాత కుట్టు ఉన్నవాళ్లకు వాడకూడదు, అది డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి. షుగర్ పరీక్ష వాయిదా వేయకండి. షుగర్ అదుపు తప్పితే బిడ్డ బరువూ, భుజాల చుట్టుకొలతా పెరుగుతాయి. ఈ విషయంలో మీ చేతుల్లో ఉన్న పని అదొక్కటే.

లేబర్ రూమ్‌లో మీవాళ్లలో ఒకరు పక్కనే ఉండనిస్తారా అని ముందే అడగండి. ధైర్యం చెప్పే మనిషి మొదటి నుంచి చివరిదాకా తోడున్నవాళ్లలో నార్మల్ కాన్పులు ఎక్కువగా అవుతాయని పరిశోధనల్లో తేలింది. ఎప్పుడూ వెల్లకిలా పడుకోకుండా లేచి నిలబడటం, నడవటం, పక్కకు తిరగడం వల్ల మొదటి దశ సుమారు గంటపైనే తగ్గుతుంది. మీ బిడ్డ గుండె చప్పుడును మాత్రం ఆగకుండా గమనిస్తూ ఉండాలి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర నొప్పి ఆగకపోయినా, రక్తం పోయినా, వస్తున్న నొప్పులు ఒక్కసారిగా ఆగిపోయినా వెంటనే చెప్పండి. ఓర్చుకోవద్దు.

అన్నీ తెలుసుకున్నాక "నాకు ఆ టెన్షన్ వద్దు, తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకుంటాను" అనిపిస్తే అదీ సరైన నిర్ణయమే. అప్పుడు మీరు తెలిసి ఎంచుకున్నట్టవుతుంది. రెండో సిజేరియన్ తర్వాత ఇంకో బిడ్డ కావాలనుకుంటే మాయ పాత కుట్టుకు అతుక్కునే ప్రమాదం పెరుగుతుందని మాత్రం లెక్కలో ఉంచుకోండి.

లోపం అన్న మాట గురించి. మూడేళ్లుగా ఆ మాట మోస్తున్నారంటే చదువుతున్న నాకే బాధగా ఉంది. పద్నాలుగు గంటలు నొప్పులు పడి, అవసరమైనప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకుని పాపను క్షేమంగా కన్నారు మీరు. మీ ఎముకలు ఇరుకని చెప్పే రుజువు మీరు రాసిన వివరాల్లో నాకు ఒక్కటీ కనిపించలేదు. 3.1 కిలోలు పెద్ద బిడ్డ కూడా కాదు.

కేస్‌షీట్ దొరికాక దాన్ని పట్టుకుని ఇప్పటి డాక్టర్‌తో తీరిగ్గా కూర్చోండి. "4 సెంటీమీటర్ల దగ్గర సీపీడీ అని ఎలా తేలింది?" అని మర్యాదగానే అడగండి. చూసి, ఆలోచించి జవాబు చెప్పేవారైతే వారి దగ్గరే కాన్పు చేయించుకోండి. కాగితం వైపు చూడకుండానే మళ్లీ అదే మాట అంటే, ఎనిమిదో నెల రాకముందే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. ఆఖరి పరీక్షలో తల ఎటు చూస్తోందని రాశారో నాకు కూడా రాయండి.